మామిడి మచ్చ తెగులుకు సూడోమోనాస్, బాసిల్లస్ నిజంగా పనిచేస్తాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నూజివీడు దగ్గర ఐదెకరాల బంగినపల్లి తోట, చెట్ల వయసు పాతికేళ్లు. రెండేళ్లుగా పూత నల్లబడి మాడిపోతోంది. కాయ కోసినప్పుడు శుభ్రంగానే ఉంటుంది, మాగేసరికి నల్ల మచ్చలు పడుతున్నాయి, వ్యాపారి రేటు కోస్తున్నాడు. ఎవరో చెబితే పోయినేడు సూడోమోనాస్ (తెగులును అడ్డుకునే మంచి బ్యాక్టీరియా, బాసిల్లస్ కూడా అలాంటిదే) ఒకసారి కొట్టారు, తేడా ఏమీ కనబడలేదు. ఇది పనిచేసేదేనా, ఉత్త వ్యాపారమా? పనిచేస్తే బూజును చంపే రసాయన మందు కార్బెండజిమ్ మానేయొచ్చా? డ్రమ్ములో బెల్లం వేసి ఇంట్లోనే పెంచుకోవచ్చా?

సూటిగా చెప్తాను. పనిచేస్తుంది. కానీ తెగులు కనబడ్డాక ఒకసారి కొడితే పనిచేయదు. అక్టోబరు నుంచి కాయ కోత దాకా ఆరేడు సార్లు, తెగులు రాకముందే, సాయంత్రం పూట కొట్టాలి. మొదటి ఏడాది కార్బెండజిమ్ పూర్తిగా మానేయొద్దు, తగ్గించుకోండి. డ్రమ్ము సంగతి చివర్లో చెప్తాను, అది కొంచెం పెద్ద విషయం.

నేను ఎనిమిదేళ్లు ఒక చిన్న జీవ మందుల ల్యాబ్‌లో పనిచేశాను. ఆ తర్వాత నాన్నగారి ఆరెకరాల మామిడి తోట నా చేతికొచ్చింది. అంటే ఈ బ్యాక్టీరియాను తయారు చేసే వైపు నుంచీ చూశాను, డబ్బు పెట్టి కొని చెట్టుకు కొట్టి తిట్టుకునే వైపు నుంచీ చూశాను. రెండో వైపే ఎక్కువ నేర్పింది.

ముందు మీది మచ్చ తెగులేనా చూసుకోండి. పూత నల్లబడిందంటే ప్రతిసారీ ఇదే కారణం కాదు. మన దగ్గర పూతను పాడుచేసేవి ముఖ్యంగా మూడు. పూత మీద తెల్లటి పొడి చల్లినట్టుంటే అది బూడిద తెగులు, దానికి నీటిలో కరిగే గంధకం ఉంది. చెట్టు కిందికి వెళ్తే ఆకులు జిగటగా తగిలి, ఆ జిగట మీద మసి పట్టినట్టుంటే తేనెమంచు పురుగు. ఆ నలుపు చేతితో తుడిస్తే వస్తుంది. దానికి పురుగు మందే కొట్టాలి, సూడోమోనాస్ ట్యాంకర్లకు ట్యాంకర్లు పోసినా పురుగు చావదు. మచ్చ తెగులైతే పూత కాడల మీద ముందు సూది గుచ్చినంత నల్లటి చుక్కలు వస్తాయి. అవి పొడుగ్గా సాగి, ఒకదానితో ఒకటి కలిసి, ఆ పైనున్న పూలన్నీ ఎండి కాడకే వేలాడతాయి. లేత ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు పడి, మధ్యలో ఎండి తూట్లు పడతాయి. ఆ నలుపు తుడిస్తే పోదు.

కాయ మీద ఇంకో గుర్తుంది. తొడిమ దగ్గర్నుంచి కిందికి కాటుక కారినట్టు నల్ల చారలు కనిపిస్తే అది చాలావరకు ఇదే. పైన ఎండిన పూత కాడల మీదున్న బూజు విత్తనాలు మంచు నీటితో, వాన నీటితో కలిసి కాయ మీదుగా జారిన దారి అది. అలా కాకుండా తొడిమ చుట్టూ మొదలై కాయంతా మెత్తగా కుళ్లితే అది తొడిమ కుళ్లు, వేరే బూజు. మచ్చలు కోణాలుగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉండి, పగిలి బంక కారుతుంటే అది అసలు బూజే కాదు, చెడ్డ బ్యాక్టీరియా వల్ల వచ్చే నల్ల మచ్చ. దానికి రాగి మందు కావాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. రెండు రకాల మచ్చల్నీ ఒకే గాటన కట్టి, ఒకే మందు కొట్టి, మందు నకిలీదంటారు.

ఇక మీ అసలు బాధ: కోసినప్పుడు శుభ్రంగా ఉన్న కాయ, గడ్డిలో వేసి మాగపెడితే ఎందుకు మచ్చపడుతోంది? ఇది అర్థమైతే మిగతా జవాబంతా దానంతటదే అర్థమవుతుంది.

ఈ తెగులు తెచ్చే బూజు పేరు కొల్లెటోట్రైకమ్. దాని విత్తనం పిందె మీద పడితే, ఒక రాత్రి తడి చాలు, మొలుస్తుంది. మొలక చివర నల్లటి చిన్న బుడిపె కట్టుకుని కాయ తోలుకు గట్టిగా అతుక్కుంటుంది. ఆ బుడిపె అడుగు నుంచి మేకులాంటిది దింపి, పై పొరలోకి కొంచెం దూరి, అక్కడ ఆగిపోతుంది. ముందుకు పోదు. ఎందుకంటే పచ్చి కాయ తోలులోనూ సొనలోనూ బూజును అడ్డుకునే రసాయనాలు ఉంటాయి. కాయ పండే కొద్దీ అవి తగ్గుతాయి. అందాకా నిద్రపోయిన బూజు అప్పుడు లేస్తుంది. అంటే మే నెలలో గడ్డిలో మీరు చూస్తున్న మచ్చ ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఒక మంచు రాత్రి పడింది. మే నెలలో ఏం కొట్టినా అది వెనక్కి పోదు.

మన సూడోమోనాస్, బాసిల్లస్ బూజును వెతుక్కుంటూ కాయ లోపలికి పోయి చంపేవి కావు. ఇవి చేసే పనికి నా దగ్గర ఒకటే పోలిక ఉంది. పండగ రోజున ఆర్టీసీ బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కండువా వేసి సీటు ఆపుకుంటాం చూడండి, అదీ. పూత కాడ మీద, పిందె తొడిమ చుట్టూ, ఆకు మడతల్లో కాస్తంత తేమ, కాస్తంత తీపి ఊరే చోట్లు ఉంటాయి. బూజు మొదట దిగేదీ అక్కడే. అక్కడ ముందే బ్యాక్టీరియా చేరి కూర్చుంటే వచ్చిన బూజుకు తిండీ చోటూ దొరకవు. మీరు పోయినేడు బస్సు నిండిపోయాక కండువా వేశారు.

కూర్చున్నవి ఊరికే కూర్చోవు కూడా. బాసిల్లస్ సబ్టిలిస్ రకాలు ఇట్యూరిన్, ఫెంజిసిన్, సర్ఫాక్టిన్ అనే పదార్థాలు విడుదల చేస్తాయి. సబ్బులాంటి స్వభావం ఉన్నవి. బూజు కణం పై పొరకు తూట్లు పడేలా చేస్తాయి. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ పద్ధతి వేరు. అది చుట్టూ ఉన్న ఇనుమును లాగేసుకుంటుంది. ఇనుము లేకపోతే బూజు విత్తనం మొలవడానికి ఇబ్బంది పడుతుంది. ల్యాబ్‌లో నాకు బాగా ఇష్టమైన దృశ్యం ఇదే: ఇనుము తక్కువగా ఉండే ఆహారం మీద దీన్ని పెంచి, లైట్లు ఆపి, నోట్లు పరీక్షించే నీలి దీపం లాంటిది దాని మీద పెడితే పళ్లెమంతా పసుపుపచ్చగా మెరుస్తుంది. ఫ్లోరెసెన్స్ అనే పేరు వచ్చింది ఆ మెరుపు వల్లే. ఆ మెరిసే పదార్థమే ఇనుమును పట్టుకునే గాలం. మెరిసిందంటే వల వేసిందన్నమాట.

మూడో పని ఇంకా ఆసక్తికరం. ఈ బ్యాక్టీరియా తగిలితే చెట్టు తన సొంత రక్షణను సిద్ధం చేసుకుంటుంది. 1991లో అమెరికాలో దోస మొక్కల మీద ఒక ప్రయోగం చేశారు. బ్యాక్టీరియాను విత్తనానికి, వేళ్ల దగ్గరే పెట్టారు, ఆకుకు తగలనివ్వలేదు. అయినా ఆకు మీద మచ్చ తెగులు తగ్గింది. ఆ బూజు కూడా మన మామిడి బూజు జాతిదే, కొల్లెటోట్రైకమ్. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు మామిడి మీదే ఎఫ్‌పీ7 అనే సూడోమోనాస్ రకంతో పనిచేసి 2004లో ప్రచురించారు. పూతకు ముందు నుంచి పదిహేను రోజులకోసారి కొడుతూ వస్తే, అందులోనూ కైటిన్ (రొయ్య, పీత పెంకుల్లో ఉండే పదార్థం) కలిపితే, కోత తర్వాత బయటపడే ఆ నిద్రాణ మచ్చలు తగ్గాయి. వాళ్లు రైతులకు చెప్పే సిఫారసు కూడా ఉంది: లీటరుకు 5 గ్రాములు, అక్టోబరు నుంచి మొదలుపెట్టి మూడు వారాలకోసారి, ఐదు నుంచి ఏడు సార్లు. ఒకసారి కొట్టి వదిలేయమని ఎవరూ చెప్పలేదు.

పండ్ల మీద ఈ పని కొత్తదేం కాదు. 1984లోనే అమెరికాలో పీచ్ పండ్ల కుళ్లు మీద బాసిల్లస్ వాడి చూపించారు. దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా విశ్వవిద్యాలయం వాళ్లు అవకాడో ఆకుల మీద నుంచే తీసిన బాసిల్లస్ రకంతో ఒక మందు తయారై తోటల్లోకి వెళ్లింది. మామిడి మీద కూడా వాళ్లు పనిచేశారు. ఏ పంట ఆకు మీద బతకడం అలవాటైన బ్యాక్టీరియా ఆ పంట మీద నిలబడే అవకాశం ఎక్కువ. అంగట్లో దొరికే ప్యాకెట్‌లోది ఏ పొలం మట్టిలోంచి వచ్చిందో మీకు తెలియదు. అందుకే ఒకరి తోటలో పనిచేసిన కంపెనీది ఇంకొకరి తోటలో చప్పగా ఉండొచ్చు. ఇది వ్యాపారి చెప్పడు.

కొనేటప్పుడు. ప్యాకెట్ మీద మూడు చూడండి. ఒకటి, కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు. రెండు, సీఎఫ్‌యూ లెక్క, అంటే గ్రాములో లేదా మిల్లీలీటరులో బతికున్న బ్యాక్టీరియా ఎన్ని అని. పది కోట్లకు తక్కువైతే నేను తీసుకోను. మూడు, తయారీ తేదీ. సూడోమోనాస్ పొడి ఆరు నెలలు దాటితే ముట్టుకోను, గడువు ఏడాది అని రాసి ఉన్నా సరే. బాసిల్లస్ కొంచెం పాతదైనా ఫరవాలేదు. బాసిల్లస్‌కు గట్టి పెంకు లాంటి బీజాంశాలు కట్టుకునే గుణం ఉంది, ఎండా ఎండుదనం తట్టుకుంటుంది. సూడోమోనాస్‌కు ఆ పెంకు లేదు.

షాపును కూడా చూడండి. ఏప్రిల్‌లో రేకుల షెడ్డులో, ఎరువుల బస్తాల మీద, అట్టపెట్టెలో ఉన్న సూడోమోనాస్ ఎంత మంచి కంపెనీదైనా చచ్చిన పౌడరే. ల్యాబ్‌లో ఉన్నప్పుడు ఒక వేసవిలో సరదాకి నాలుగు షాపుల నుంచి నాలుగు ప్యాకెట్లు తెచ్చి పళ్లేల మీద పెంచి చూశాం. ఒక్కదాంట్లోనే నీలి దీపం కింద బాగా మెరిసింది. ఒకదాంట్లో పలచగా. మిగతా రెండింట్లో ఏవేవో రంగుల బూజులు మొలిచాయి గానీ మనకు కావలసినది లేదు. ఆ రెండిట్లో ఒకటి మేం తయారు చేసిందే. మా దగ్గర్నుంచి బయల్దేరినప్పుడు బాగానే ఉంది, దారిలోనే ఎక్కడో ఉడికిపోయింది. ఆ రోజు మా మేనేజరు ముఖం చూడాల్సింది.

ఇక కొట్టే పద్ధతి. నా తోటలో నేను చేసేది చెప్తాను, మీ తోటకు తగ్గట్టు మార్చుకోండి.

కోతలు అయ్యాక, జూన్ చివర్లో, జులైలో ఎండు పుల్లలు, పూత కాడలు, చెట్టుకే ఎండిన కాయలు తీయించి తగలబెడతాను. కత్తిరింపు గాయాలకు బోర్డో మిశ్రమం, ఒక శాతం: కేజీ మైలుతుత్తం, కేజీ సున్నం, వంద లీటర్ల నీళ్లు. దీన్ని మానేసి బ్యాక్టీరియా మీద ఆధారపడితే ఇల్లు ఊడ్వకుండా అగరబత్తి వెలిగించినట్టే. బూజు ఏడాదంతా కాపురం ఉండేది ఆ ఎండు పుల్లల్లోనే.

అక్టోబరులో చిగురు మీద ఒకసారి, నవంబరులో ఒకసారి సూడోమోనాస్. డిసెంబరులో పూమొగ్గ పొడుచుకొచ్చేటప్పుడు మూడోసారి, పూలు విచ్చుకోకముందు నాలుగోసారి. పూలు బాగా విచ్చుకుని ఈగలు, తేనెటీగలు ముసిరే రోజుల్లో నేను మామూలుగా ఏమీ కొట్టను, నీళ్లు కూడా. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలు. ఇక్కడి నుంచి సూడోమోనాస్ ఆపి బాసిల్లస్‌కు మారతాను, ఎందుకంటే అప్పటికి ఎండ ముదురుతుంది. నిమ్మకాయంత ఉన్నప్పుడు ఒకసారి, కోతకు పదిహేను ఇరవై రోజుల ముందు ఒకసారి. పూతప్పుడు సూడోమోనాస్, కాయప్పుడు బాసిల్లస్ అన్నది నా సొంత అలవాటు. పుస్తకంలో ఇలాగే ఉంటుందని అనుకోవద్దు.

పొద్దు వాలాక కొట్టండి. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. పగటి ఎండలో ఆకు మీద పడిన సూడోమోనాస్ ఎండ కిరణాలకూ ఆ ఎండుదనానికీ గంటల్లో చస్తుంది. సాయంత్రం ఐదు తర్వాత కొడితే రాత్రంతా మంచు తడి దానికి పనికొస్తుంది. బూజుకు కావలసిన తడే దీనికీ కావాలి. ఆ రాత్రి ఎవరు ముందు మొలిస్తే వాళ్లదే ఆ చోటు. కూలీలు పొద్దున్నే వచ్చి పదకొండుకల్లా ముగించేసి వెళ్లిపోతామంటారు. నేనైతే సాయంత్రం కూలీకి యాభై ఎక్కువిచ్చయినా సాయంత్రమే కొట్టిస్తాను.

పొడిని నేరుగా ట్యాంకులో పోయకండి. ముందు బకెట్లో నానబెట్టి, చేత్తో ఉండలు చిదిపి, పలుచటి గుడ్డలో వడగట్టండి. లేకపోతే పొడిలోని టాల్కు (మెత్తటి రాతి పిండి) నాజిల్‌లో ఇరుక్కుని పని ఆగిపోతుంది, కూలీల తిట్లు మీకే. బ్లీచింగ్ కలిపిన కుళాయి నీళ్లు వద్దు, బోరు నీళ్లో చెరువు నీళ్లో మేలు. కుళాయి నీళ్లే గతి అయితే ముందు రోజు పట్టి తెరిచిన తొట్టిలో ఉంచండి. బంక మందు, అదే స్టిక్కర్, కలపండి. మామిడి ఆకు నున్నగా ఉంటుంది, లేకపోతే సగం జారిపోతుంది. ఎత్తయిన చెట్లు గనుక లోపలి కొమ్మలు కూడా తడిసేలా కొట్టించండి. పైపైన చినుకులు పడినట్టు కొట్టించి కింద నిలబడి చూస్తే అంతా తడిసినట్టే ఉంటుంది. ఒక కాయ కోసి తొడిమ దగ్గర వేలు పెట్టి చూడండి, అక్కడ తడి ఉంటే పని జరిగినట్టు.

దేనితో కలపకూడదు. రాగి మందులతో ససేమిరా వద్దు. బోర్డో, కాపర్ ఆక్సీక్లోరైడ్, పైర్లు ఎండకుండా కొట్టే యాంటీబయాటిక్ మందులు, ఇవన్నీ బ్యాక్టీరియాను చంపడానికే ఉన్నవి. మనది మంచి బ్యాక్టీరియా అని వాటికి తెలియదు. కనీసం పది రోజుల ఎడం పెట్టండి. మాంకోజెబ్ అనే బూజు మందుకి కూడా వారం ఎడం ఇస్తాను. నా మొదటి ఏడాది తప్పు ఇదే. నిన్న కాపర్ కొట్టిన ట్యాంకునే నీళ్లతో ఒకసారి తిప్పి సూడోమోనాస్ పోశాం. ఆ గొట్టాల్లో మిగిలిన నీలి నీళ్లే సరిపోయాయి. ఆ ఏడాది చేసిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

కార్బెండజిమ్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం, చాలామందికి ఇది తెలియదు. ట్రైకోడెర్మా అనే ఇంకో జీవ మందు కూడా ఒక బూజే కాబట్టి కార్బెండజిమ్ దాన్ని చంపేస్తుంది. కానీ సూడోమోనాస్, బాసిల్లస్ బూజులు కావు, బ్యాక్టీరియా. కార్బెండజిమ్ వీటిని పెద్దగా ఏమీ చేయదు. కాబట్టి తప్పనిసరైన రోజున కార్బెండజిమ్ కొట్టి, రెండు మూడు రోజులు ఆగి మళ్లీ బ్యాక్టీరియా కొట్టొచ్చు. ఈ రెండూ ఒకే తోటలో కాపురం చేయగలవు.

మరి మానేయొచ్చా అన్న ప్రశ్న. కార్బెండజిమ్ బూజు కణంలో ఒకే ఒక ప్రోటీన్ మీద దెబ్బకొడుతుంది. ఆ ప్రోటీన్‌లో ఒక్కచోట చిన్న మార్పు వస్తే మందు పట్టదు. ఏళ్ల తరబడి అదే మందు, అదే మోతాదు, ఇంకా పనిచేయకపోతే రెట్టింపు మోతాదు కొట్టిన తోటల్లో ఇలా మందు పట్టని బూజు మిగిలిపోతుంది. రెండేళ్లుగా మీది తగ్గడం లేదంటే ఆ అనుమానం నాకుంది. పైగా ఎగుమతి వ్యాపారికి అమ్మాలనుకుంటే అవశేషాల గొడవ వేరే. యూరప్‌లో కార్బెండజిమ్‌కు అనుమతి 2014లోనే ముగిసింది.

అయినా ఒక్కసారిగా మానమని చెప్పను. నా లెక్క ఇది: పూత మీద ఉన్నప్పుడు అకాల వాన పడినా, మూడు నాలుగు రోజులు వరసగా పొగమంచు పట్టి పొద్దు తొమ్మిదయినా ఆకు తడి ఆరకపోయినా, అప్పుడు బ్యాక్టీరియాను నమ్ముకుని కూర్చోను. మరుసటి రోజే సిఫారసు చేసిన శిలీంధ్రనాశిని, అది కూడా పోయినసారి కొట్టిన రసాయన గుంపుది కాకుండా వేరే గుంపుది, కొడతాను. వాన లేని ఏడాదిలో రసాయనం ఒకసారితో సరిపోతుంది నాకు. ఒక ఏడాది అసలు అవసరం పడలేదు. తుపాను గాలి వాన పూత మీదే దిగిన ఏడాది మాత్రం మూడుసార్లు కొట్టాను, సిగ్గుపడలేదు. తిండి పెట్టే తోటతో పంతాలు పెట్టుకోకూడదు.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? కళ్లతో చూసి చెప్పలేరు, ముందే చెప్పినట్టు మచ్చ నిద్రపోతోంది కదా. రెండు వరుసలు ఏమీ కొట్టకుండా, లేదా మీ పాత పద్ధతిలో వదిలేయండి, కొమ్మలకు రంగు గుడ్డ కట్టండి. కోత రోజున ఆ వరుసల నుంచి ఇరవై కాయలు, బ్యాక్టీరియా కొట్టిన వరుసల నుంచి ఇరవై కాయలు తీసుకోండి. ఒకే సైజు, ఒకే ఈడు, తొడిమ రెండంగుళాలు ఉంచి కోసినవి. సొన కాయ మీద పడకూడదు, సొన మచ్చ వేరే కథ. రెండు గంపల్లో వేరువేరుగా వరిగడ్డిలో మాగేయండి. మా ఆవిడ ఆ గంపల మీద సుద్దతో ‘మంచివి’, ‘నీవి’ అని రాస్తుంది. ఏవి ఏవో నాకు ఇప్పటికీ గొడవే. ఎనిమిదో రోజు నుంచి రోజూ తీసి మచ్చ పడినవి లెక్కపెట్టండి. ఆ లెక్క మీ తోటది, ఏ కంపెనీ కరపత్రం కన్నా అదే నమ్మకం. మొదటి ఏడాది నా రెండు గంపలకూ తేడా లేదు (రాగి ట్యాంకు ఏడాది). రెండో ఏడాది కళ్లకు కనిపించేంత తేడా వచ్చింది. మచ్చ పడినవాటిలో కూడా మచ్చ చిన్నదిగా, ఆలస్యంగా వచ్చింది. వ్యాపారికి కావలసింది కూడా ఆ నాలుగు రోజుల ఆలస్యమే, లారీ ఢిల్లీ చేరే దాకా.

కోత తర్వాత 52 డిగ్రీల వేడి నీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు ముంచితే నిద్రాణ మచ్చలు బాగా తగ్గుతాయి. ఇంటి గంగాళంలో చేయొద్దు. వేడి ఎక్కువైతే కాయ తోలు ఉడుకుతుంది. ప్యాక్‌హౌస్ (కాయలు శుద్ధి చేసి ప్యాక్ చేసే చోటు) దగ్గరుంటేనే.

పక్క పొలంలో జామ, బొప్పాయి, అరటి ఉన్నాయన్నారు. అక్కడ కథ వేళ్ల దగ్గర నడుస్తుంది. బాగా చివికిన పశువుల ఎరువులో సూడోమోనాస్ కలిపి, తడిపి, నీడలో వారం పది రోజులు ఉంచి పాదుల్లో వేయండి. అరటి పిలకలను నాటేముందు సూడోమోనాస్ కలిపిన నీళ్లలో ముంచండి. ఇది ముందు జాగ్రత్తే. పనామా తెగులు పట్టి ఆకులు వాలిన అరటిని, సగం కొమ్మలు ఎండిన జామను ఇది బతికించదు. ఎవరైనా బతికిస్తానని లీటరు అమ్మబోతే నవ్వి ఊరుకోండి.

ఇప్పుడు డ్రమ్ము. రెండొందల లీటర్ల డ్రమ్ములో రెండు కేజీల బెల్లం, ఒక లీటరు సూడోమోనాస్ పోసి ఐదు రోజులు ఉంచితే రెండొందల లీటర్ల సూడోమోనాస్ అవుతుందని మీకు చెప్పారు. బెల్లం నీళ్లలో ఏదో ఒకటి పెరగడం ఖాయం. పెరిగింది ఏది అన్నదే ప్రశ్న. బెల్లంలోనే ఉంటాయి కొన్ని, నీళ్లలో ఉంటాయి, డ్రమ్ము గోడకు అంటుకుని ఉంటాయి, గాలిలోంచి పడతాయి. ల్యాబ్‌లో మేం బ్యాక్టీరియాను పెంచే ఆహారాన్ని 121 డిగ్రీల ఆవిరిలో పెట్టి, తలుపులు మూసి, స్పిరిట్ దీపం పక్కన చేసినా అప్పుడప్పుడూ పాడయ్యేది. పెరట్లో మూత లేని డ్రమ్ము సంగతి మీరే ఊహించుకోండి.

ఇంకో భయం ఉంది. మనం వాడే ఫ్లోరెసెన్స్‌కు వేడి పడదు. 41 డిగ్రీల దగ్గర పెరగడం మానేస్తుంది. దీనికి ఎరుగినోసా అనే దాయాది ఉంది. పుండ్లలో, ఆసుపత్రుల్లో జబ్బు చేసేది అదే, అది 42 డిగ్రీల్లో కూడా హాయిగా పెరుగుతుంది. ఈ రెంటినీ వేరు చేయడానికి ల్యాబ్‌లో వాడే గుర్తుల్లో ఇదొకటి. అదీ పచ్చగానే మెరుస్తుంది, వాసనా రంగూ చూసి మీరు కనిపెట్టలేరు. మార్చి తర్వాత ఎండలో ఉన్న నల్ల డ్రమ్ము లోపల 41 దాటడం ఎంత సేపు? ప్రతి డ్రమ్ములోనూ అదే పెరుగుతుందని నేను అనను. కానీ ఏం పెరిగిందో తెలియని నీళ్లను చేతులకు తొడుగు లేకుండా కలిపి, తలకు పైన కొమ్మల్లోకి కొట్టి, ఆ తుంపర పీలుస్తూ నిలబడడం నాకు ఇష్టం లేదు. కాళ్లకు పగుళ్లు, షుగరు ఉన్న కూలీలు ఉంటే మరీ.

బాసిల్లస్ విషయంలో ఇంత భయం లేదు. జపాన్‌లో సోయా గింజలను పులియబెట్టి నాట్టో అని రోజూ తింటారు, అది ఈ సబ్టిలిస్ జాతి చేసే పనే. అయినా డ్రమ్ములో అది పలచబడి వేరేవి ముదిరే ఇబ్బంది దానికీ ఉంది. కాబట్టి రెండూ కొనుక్కోండి. ఐదెకరాలకు అవసరమైనంతే, ఆ విడతకు ఆ విడతకే కొనండి. ఇంటికి తెచ్చాక నీడలో, కుండల గదిలాంటి చల్లటి చోట పెట్టండి. మా ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో కూరగాయల పక్కన పెట్టేవాణ్ణి, మూడు రోజులకు అక్కడి నుంచి వెళ్లగొట్టారు. ఇప్పుడు పశువుల పాకలో మట్టి కుండలో ఉంటుంది, పైన తడి గోనె.

అక్టోబరు మొదటి వారంలో చిగురు వచ్చిందో లేదో చూసుకుని మొదలుపెట్టండి. రంగు గుడ్డలు మాత్రం ఇప్పుడే కట్టేయండి, అప్పటికి మర్చిపోతారు.